హైబ్రిడ్ కొందామంటున్నారు మా ఆయన, నేను వద్దంటే పిసినారినంట

నిజాంపేట నుంచి ఒకావిడ రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. వయసు 39, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే, పాప టెన్త్ చదువుతోంది. ఇంట్లో పదకొండేళ్ళ పాత వ్యాగనార్ ఉంది, దానికి ఏసీ సరిగ్గా రావట్లేదు, ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఆయనకి ఎడమ మోకాలు పట్టేస్తోంది. ఆయన ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, ఒకవైపు 18 కిలోమీటర్లు, వారానికి మూడు రోజులు వెళ్తారు. ఈవిడ మెట్రోలో వెళ్తారు. నెలకోసారి ఖమ్మం వెళ్ళాలి, అత్తమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని నడుస్తున్నారు, చెకప్‌కి హైదరాబాద్ తీసుకురావడం మళ్ళీ దింపడం అన్నీ వీళ్ళే చూసుకుంటారు.

ఆయనకి మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ మీద, అంటే పెట్రోల్ ఇంజన్‌తోపాటు కరెంటు మోటారు కూడా ఉండే కారు మీద మనసు పడింది. ఆన్ రోడ్ 20 లక్షల 15 వేలు చెప్పారట, అదే కారు పెట్రోల్ ఆటోమేటిక్ అయితే 17 లక్షల 10 వేలు. ఆ పైన మూడు లక్షలు పెట్రోల్‌లోనే మూడేళ్ళ మూడు నెలల్లో తిరిగొచ్చేస్తాయని ఆయన ఎక్సెల్ షీట్ వేసి చూపించారు. డౌన్ పేమెంట్‌కి ఈవిడ పేరు మీదున్న ఆరు లక్షల ఎఫ్‌డీలోంచి నాలుగు తీద్దామన్నారు, ఆ డబ్బు ఈవిడ వాళ్ళమ్మ పొలం అమ్మి ఇచ్చింది, పాప ఇంటర్ రెండేళ్ళ ఫీజు కోసమని పక్కన పెట్టుకున్నది. మామయ్య గారేమో బ్యాటరీ మూడేళ్ళకి పోతుంది డీజిల్ తీసుకోండి అంటున్నారు, తమ్ముడు ఎలక్ట్రిక్ అంటున్నాడు, అక్కావాళ్ళు పోయినేడాది ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ కొన్నారు. అందరూ ఉండగా ఈవిడ ఎఫ్‌డీ మాట ఎత్తి వద్దనేసరికి "మీ అక్క ముందు నన్ను తక్కువ చెయ్యాలనే నీ ఏడుపు, పిసినారిదానివి" అన్నారట ఆయన, రెండు వారాలుగా మాటల్లేవు. "హైబ్రిడ్ నిజంగా లాభమా, నేనే మూర్ఖంగా అడ్డుపడుతున్నానా చెప్పండి" అని అడిగారు.

ముందు ఒకటి చెప్తానమ్మా, మీరు పిసినారి కాదు, మీ ఆయన డాబుకి పోయే మనిషీ కాదు. మీ ఉత్తరంలోనే ఆయన మోకాలి నొప్పి గురించి రాశారు, వాళ్ళమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టడానికి ఆయన ఎంత అవస్థ పడతారో రాశారు. కారు అవసరమే. గొడవంతా కారు గురించి కాదు, ఆ మూడు లక్షల తేడా గురించి, అది ఎవరి సంచిలోంచి వస్తుందన్న దాని గురించి. ఈ రెంటినీ ఒకే పూట ఒకే మాటలో తేల్చెయ్యాలని చూశారు కాబట్టి ఇంత దూరం వచ్చింది.

లెక్క నుంచి మొదలుపెడదాం. మీరు ఆ షీట్ ఫోటో పంపి మంచి పని చేశారు. నెలకి 1500 కిలోమీటర్లు, హైబ్రిడ్‌కి లీటరుకి 28, పెట్రోల్‌ది 12, లీటరు 107 రూపాయలు అని వేసుకున్నారాయన. కూడికలు తీసివేతలు కరెక్టే, మొదట పెట్టిన అంకెల దగ్గరే తేడా. కంపెనీ చెప్పే 27.97 అనేది టెస్టింగ్ ఏజెన్సీ వాళ్ళు ల్యాబ్‌లో రోలర్ల మీద నడిపి ఇచ్చే అంకె. రోడ్డు మీద, ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని, ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పోయించుకుని తిరిగితే అది రాదు. సిటీలో 20, 22 వస్తే బాగా వచ్చినట్టే, హైవే మీద 100 దగ్గర పట్టుకుని వెళ్తే 19, 20. చూశారా, హైవే కంటే ట్రాఫిక్‌లోనే ఎక్కువ వస్తుంది, మామూలు బండికి ఇది పూర్తిగా తిరగబడి ఉంటుంది. మామూలు పెట్రోల్ ఆటోమేటిక్‌కి సిటీలో 11, హైవేలో 16 అనుకుందాం.

ఎందుకలా అంటే, స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఒక పెట్రోల్ ఇంజనూ ఒక కరెంటు మోటారూ ఉంటాయి, నిదానంగా పాకేటప్పుడు ఇంజన్ ఆగిపోయి మోటారే లాగుతుంది, బ్రేకు తొక్కినప్పుడు వృథాగా వేడిగా పోయే శక్తిని పట్టి బ్యాటరీలోకి పంపుతుంది. అంటే ఆగీ కదిలీ ఆగీ కదిలీ వెళ్ళే చోటే దాని లాభం. కొత్తగూడ జంక్షన్ దగ్గర, గచ్చిబౌలి దగ్గర సాయంత్రం ఏడింటికి మీ ఆయన ఇరుక్కుంటారే, హైబ్రిడ్ పుట్టింది అక్కడికోసమే. సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోల్‌గేట్ దగ్గర లైన్లో పాకుతుంటే కూడా బ్యాటరీలో చార్జ్ ఉన్నంతసేపూ ఇంజన్ ఆగే ఉంటుంది, ఏసీ కూడా కరెంటు మీదే నడుస్తుంది కాబట్టి చల్లగానే ఉంటుంది. కానీ చౌటుప్పల్ దాటి సూర్యాపేట వైపు ఒకే స్పీడులో పోతున్నప్పుడు బ్రేకు పడదు, ఇంజన్ ఆగదు, అక్కడ అదీ దాదాపు పెట్రోల్ బండే.

ఇప్పుడు మీ కిలోమీటర్లు పెడదాం. వారానికి మూడు రోజులంటే నెలకి ఆఫీసు తిరుగుడు 470 దాకా, బజారూ పాప ట్యూషనూ ఇంకో 150, సిటీ మొత్తం 620. ఖమ్మం పోనూ రానూ అక్కడి తిరుగుళ్ళతో 430. అంటే 1050, మీ ఆయన వేసిన 1500 కాదు. పెట్రోల్ ఆటోమేటిక్‌కి నెలకి 83 లీటర్లు, హైబ్రిడ్‌కి 51 లీటర్లు అవుతాయి. మిగిలేది నెలకి 3,400 చిల్లర, సంవత్సరానికి 41 వేలు. మూడు లక్షలు రావడానికి ఏడేళ్ళు దాటుతుంది. ఆ మూడు లక్షలు కూడా లోన్‌లోనే కలిపి 9 శాతానికి ఐదేళ్ళు కడితే ఆ ముక్కకే నెలకి 6,200 ఈఎంఐ, మొత్తం 3 లక్షల 73 వేలు కట్టినట్టు, అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ఐదేళ్ళూ మీరు 6,200 కడుతూ 3,400 మిగుల్చుకుంటారన్నమాట, ఇది మీ ఆయనకి షీట్‌లో కనపడలేదు.

ఇంతటితో ఆగితే మీదే గెలుపు అనిపిస్తుంది, కానీ మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం రాసి వదిలేశారు. జనవరి నుంచి ఐదు రోజులూ ఆఫీసుకి రావాలని ఆయన కంపెనీలో అనుకుంటున్నారని. నా దృష్టిలో ఉత్తరం మొత్తంలో అసలు విషయం అదే. ఐదు రోజులైతే సిటీ తిరుగుడు 940కి పోతుంది, నెలకి మిగిలేది 4,900 దాటుతుంది, సంవత్సరానికి 59 వేలు, అప్పుడు మూడు లక్షలు ఐదేళ్ళలో వచ్చేస్తాయి, వడ్డీతో కలిపినా ఆరేళ్ళ పైచిల్లర. పదేళ్ళు వాడే ఇల్లు మీది, పాత బండి పదకొండేళ్ళు వాడారు కదా, అలాంటివాళ్ళకి అది తప్పు బేరం కాదు. కాబట్టి హైబ్రిడ్ లాభమా నష్టమా అన్నదానికి జవాబు షోరూమ్‌లో లేదు, మీ ఆయన హెచ్‌ఆర్ దగ్గరుంది. ఆ మెయిల్ వచ్చేదాకా ఆగడం వల్ల మీకు పోయేదేమీ లేదు.

మామయ్య గారి బ్యాటరీ భయం గురించి. ఆయన మాట తీసెయ్యకండి, కానీ ఆయన ఎలక్ట్రిక్ కారు బ్యాటరీనీ దీన్నీ ఒకటే అనుకుంటున్నారు. ఎలక్ట్రిక్ బళ్ళలో 30, 40 యూనిట్లు పట్టే పెద్ద బ్యాటరీలుంటాయి, ఈ కారులో ఉన్నది ముప్పావు యూనిట్‌ది, 0.76 కిలోవాట్ అవర్. దాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వదు, పూర్తిగా నిండనివ్వదు, మధ్యలోనే తిప్పుతూ ఉంటుంది, అందుకే ఎక్కువకాలం వస్తుంది. టయోటా వాళ్ళు ప్రియస్‌ని జపాన్‌లో 1997లోనే తెచ్చారు, మన దేశంలో క్యామ్రీ హైబ్రిడ్ 2013 నుంచి ఉంది, గ్రాండ్ విటారాలో ఉన్నదీ టయోటా హైబ్రిడ్ సిస్టమే, బెంగళూరు దగ్గర బిడది ఫ్యాక్టరీలో తయారవుతుంది. బ్యాటరీకి వారంటీ 8 ఏళ్ళు లేదా 1 లక్ష 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మూడేళ్ళకి పోతుందనే మాటలో పసలేదు. కానీ తొమ్మిదో ఏట పోతే ఖర్చు మీదే, ఆ రేటు ఇవాళ ఎంతుందో సర్వీస్ సెంటర్‌లో అడిగి కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

దీంతోపాటు మామయ్య గారు చెప్పని ఇబ్బందులు కొన్నున్నాయి. వీధి చివర మెకానిక్ ఈ సిస్టమ్ ముట్టుకోకూడదు, హై వోల్టేజీ కేబుళ్ళు నారింజ రంగులో ఉంటాయి, వాటి జోలికి ట్రైనింగ్ ఉన్నవాడే పోవాలి, అంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి కట్టుబడి ఉండాలి. సెల్లార్ పార్కింగ్‌లో ఎలుకలున్నాయా చూసుకోండి, ఎలుక కొరికితే మామూలు బండిలో అయ్యే ఖర్చు వేరు దీంట్లో వేరు. వర్షానికి మీ సెల్లార్‌లో నీళ్ళు నిలుస్తాయా అన్నది ఇంకా ముఖ్యం, ఇన్సూరెన్స్‌లో హైబ్రిడ్ బ్యాటరీకి వేరే కవర్ ఉంటే అది తీసుకోండి. బయట షాపుల్లో స్పీకర్లనీ లైట్లనీ వైర్లు కోయించి పెట్టించకండి, వారంటీ క్లెయిమ్‌లో అదే అడ్డం పడుతుంది.

డిక్కీ సంగతి మాత్రం మీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నాకదే ఆశ్చర్యం. బ్యాటరీ డిక్కీ కింద పెడతారు కాబట్టి చోటు తగ్గిపోతుంది, మామూలు పెట్రోల్‌కి 373 లీటర్లుంటే స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి 265. అడుగు కూడా ఎత్తుగా వస్తుంది. మీరేమో ఖమ్మం నుంచి బియ్యం బస్తా, పప్పులు, ఎండాకాలమైతే మామిడికాయలు, పచ్చడి జాడీలు వేసుకొస్తామని రాశారు, వాటితోపాటు అత్తమ్మ వాకరు, బ్యాగులు. కొటేషన్ కాగితం చూస్తే ఇది తెలీదు. ఈ ఆదివారం వాకరు తీసుకుని షోరూమ్‌కి వెళ్ళి నిజంగా డిక్కీలో పెట్టి చూడండి, మొహమాటపడకండి, ఇరవై లక్షలు పెడుతున్నారు. వీలైతే అత్తమ్మ ఊర్లో ఉన్నప్పుడే వెళ్ళండి, ఆవిడ సొంతంగా ఎక్కి దిగగలరా అన్నది మైలేజీ కంటే పెద్ద విషయం మీకు. వాకరు వెనక సీటు పక్కన పెట్టుకోవాల్సి వస్తే పాప ఎక్కడ కూర్చుంటుందో కూడా అక్కడే తేలిపోతుంది.

మీరు ఇంకో చోట పొరబడ్డారు, మీ తప్పు కాదు, ఆ మాటే అలా వాడుతున్నారు. పెట్రోల్ కొటేషన్ మీద "స్మార్ట్ హైబ్రిడ్" అని ఉంది కదా అదీ హైబ్రిడే కదా అన్నారు. అది మైల్డ్ హైబ్రిడ్. స్టార్ట్ చేసేటప్పుడు, పికప్ ఇచ్చేటప్పుడు చిన్న మోటారు కాస్త సాయం చేస్తుందంతే, దాని మీద బండి ఒక్క మీటరు కూడా సొంతంగా కదలదు. నేను పైన వేసిన లెక్కలో పెట్రోల్ ఆటోమేటిక్ అంటే అదే. అలాగే గవర్నమెంట్ హైబ్రిడ్‌కి టాక్స్ తగ్గించిందని మీ ఆయనకి ఎవరో చెప్పారన్నారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది నిజమే, కానీ నాలుగు మీటర్లు దాటిన పెట్రోల్‌కీ హైబ్రిడ్‌కీ ఇప్పుడు ఒకటే 40 శాతం. అంతకుముందు ఇలాంటి పెట్రోల్ బండికి సెస్‌తో కలిపి 45 ఉండేది హైబ్రిడ్‌కి 43, ఆ రెండు శాతం వెసులుబాటు కూడా పోయింది. యూపీలో 2024లో స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి రిజిస్ట్రేషన్ టాక్స్ తీసేశారు, యూట్యూబ్‌లో అది చూసి ఇక్కడా ఉందనుకుంటున్నారేమో. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ ఆఖరు దాకా రోడ్ టాక్స్ మినహాయింపు ఇచ్చింది ఎలక్ట్రిక్ బళ్ళకి.

అందుకే మీ తమ్ముడి మాటని చిన్నపిల్లాడి సరదాలా తీసెయ్యకండి. పది లక్షలు దాటిన బండికి ఇక్కడ లైఫ్ టాక్స్, అదే రోడ్ టాక్స్, గట్టిగానే ఉంటుంది, 14 లక్షల ఎలక్ట్రిక్ కారు మీద అది ఒక్కటే రెండు లక్షల పైన మిగులు, జీఎస్టీ 5 శాతమే. ఇంట్లో చార్జ్ చేసుకుంటే కిలోమీటరుకి రూపాయిన్నర లోపే, హైబ్రిడ్‌కి ఐదు రూపాయల పైన. కానీ మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు చార్జింగ్ పాయింట్‌కి ఒప్పుకోలేదని రాశారు, అది తేలకుండా ఎలక్ట్రిక్ కొంటే రోజూ చార్జింగ్ కోసం తిరగడం మీ వల్ల కాదు. ఖమ్మంలో మామయ్యది సొంతిల్లు, అక్కడ 15 ఆంప్స్ ప్లగ్ ఉంటే రాత్రంతా పెట్టుకోవచ్చు కాబట్టి ఊరి ప్రయాణం మీరనుకునేంత కష్టం కాదు, కష్టమంతా నిజాంపేటలోనే. ఇంకో ఇద్దరు ముగ్గురు ఫ్లాట్ల వాళ్ళని కలుపుకుని సొంత మీటరు నుంచి లైన్ లాక్కుంటామని రాసివ్వండి, ఒప్పుకుంటే మొత్తం లెక్కే మారిపోతుంది.

డీజిల్ నేను మీకు చెప్పను. పికప్ బాగుంటుంది, హైవే మీద మైలేజీ బాగుంటుంది, ఖమ్మం రోజూ వెళ్ళేవాళ్ళైతే అదే చెప్పేదాన్ని. కానీ ఇప్పటి డీజిల్ బళ్ళలో పొగలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, ట్రాఫిక్‌లో చిన్న చిన్న దూరాలు తిరుగుతూ ఉంటే అది నిండిపోయి లైటు వెలుగుతుంది, పైగా ఆయన మోకాలికి ఆటోమేటిక్ కావాలి, డీజిల్ ఆటోమేటిక్ రేటు చూస్తే హైబ్రిడ్‌కి దగ్గరగానే ఉంటుంది.

ఇక మీ ముందున్న దారులు. పెట్రోల్ ఆటోమేటిక్ తీసుకుంటే మూడు లక్షలు చేతిలో ఉంటాయి, మోకాలి బాధ తీరుతుంది, డిక్కీ పెద్దది, ట్రాఫిక్‌లో పెట్రోల్ మాత్రం తాగుతుంది, ఐదు రోజుల ఆఫీసు మొదలైతే నెలకి పన్నెండు వేలు దాకా బంకుకే పోతుంది, అప్పుడు మీ ఆయన ప్రతిసారీ మీకు గుర్తు చేస్తారు, దానికి సిద్ధపడాలి. హైబ్రిడ్ తీసుకుంటే రోజూ నడిపే మనిషికి సుఖం, సిగ్నళ్ళ దగ్గర చప్పుడుండదు, నేనైతే ఆ సుఖానికి కూడా ఒక విలువ కడతాను, రోజుకి రెండు గంటలు ఆ సీట్లో కూర్చునేది ఆయన కదా. అయితే హైవే మీద గట్టిగా తొక్కినప్పుడు ఆ మూడు సిలిండర్ల ఇంజన్ గోల చేస్తుంది, నలుగురితో సామానుతో ఓవర్‌టేక్ చేసి చూసి మరీ నిర్ణయించుకోండి. తీసుకుంటే కింద వేరియంట్ తీసుకోండి, సన్‌రూఫ్ కోసం పైకి వెళ్తే నేను వేసిన లెక్కలన్నీ వృథా. మూడో దారి, వ్యాగనార్‌కి ఏసీ బాగుచేయించి పాప ఇంటర్‌లో చేరి మొదటి ఏడాది ఫీజు కట్టేదాకా ఆగడం, డబ్బుకి మంచిదే, కానీ ఆ ఏడాదంతా మోకాలు నొప్పితో క్లచ్ తొక్కేది ఆయన, అది మీరు అడిగే ముందు ఆలోచించాలి. నాలుగోది 2023 ప్రాంతంలో అమ్ముడుపోయిన హైబ్రిడ్ సెకండ్ హ్యాండ్‌లో చూడటం, బ్యాటరీ వారంటీ ఇంకా ఏళ్ళు మిగిలుంటుంది, కానీ ప్రతి సర్వీసూ కంపెనీలోనే జరిగినట్టు హిస్టరీ చూపించకపోతే, నీళ్ళలో మునగలేదని తేలకపోతే దాని జోలికి పోకండి.

ఎఫ్‌డీ మాత్రం కారు చర్చలోకి తేవొద్దని నా గట్టి అభిప్రాయం. మీ అమ్మగారు పొలం అమ్మి ఇచ్చింది పిల్ల చదువు కోసం, ఏ కారైనా సరే దానికి ఆ డబ్బు కాదు. కానీ ఈ మాట అత్తమామల ముందు, అక్కాబావల ఫోన్ కాల్ నడుస్తుండగా అన్నారని మీరే రాశారు. ఆయనకి వినపడింది ఫీజు సంగతి కాదు, "నీకు స్తోమత లేదు" అని. మీ ఉత్తరంలో హైక్రాస్ మాట పదే పదే వచ్చింది, అంటే అది మీకూ ఎక్కడో గుచ్చుకుంటోంది. తోడల్లుడి బండి పక్కన తన బండి పెట్టాల్సి వచ్చినప్పుడు మగవాళ్ళకి ఏమనిపిస్తుందో వాళ్ళు పైకి చెప్పరు, దాన్ని తప్పుపట్టకండి, అలాగని దానికి ఎఫ్‌డీ విరవకండి.

ఆయనతో ఒంటరిగా కూర్చున్నప్పుడు "హైబ్రిడ్ వద్దు" అని మొదలుపెట్టకండి. "నీ మోకాలి కోసం ఆటోమేటిక్ కొందాం, అది ఖాయం" అని ముందు చెప్పండి. ఆ తర్వాత ఫీజు కాగితం చూపించి ఎఫ్‌డీ పక్కన పెడదామనండి. అప్పుడు ఆయన షీట్‌నే తెరిచి, కొత్తది వెయ్యకుండా, 1500 బదులు మీ అసలు కిలోమీటర్లు, 28 బదులు 21 ఆయన చేతే పెట్టించండి. మూడు రోజులకో వరుస, ఐదు రోజులకో వరుస. అందులో ఏమొస్తే దానికి మీరూ కట్టుబడాలి, ఐదు రోజులని తేలి, ఎఫ్‌డీ ముట్టకుండా డౌన్ పేమెంట్ తను సర్దుకోగలిగితే అప్పుడు మీరే హైబ్రిడ్ బుక్ చెయ్యమనాలి.

షోరూమ్ వాళ్ళు ఈ నెలాఖరుతో ఆఫర్ అయిపోతుందన్నారని తొందర పడుతున్నారు, పడకండి, నెలాఖరు మళ్ళీ వస్తుంది, డిసెంబర్‌లో తయారైన ఏడాది మారిపోతుందని వాళ్ళే ఇంకా తగ్గిస్తారు. బుకింగ్ డబ్బులు కట్టేముందు బండి ఏ నెలలో తయారైందో అడిగి రాయించుకోండి, టెస్ట్ డ్రైవ్ షోరూమ్ చుట్టూ ఒక రౌండు కాకుండా సాయంత్రం ఆఫీసు వదిలే టైముకి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి నిజాంపేట దాకా ఇమ్మని అడగండి, పక్క సీట్లో మీరు కూర్చోండి.